బోర్డును తాకినదెవరు?

మన పిల్లలు చదివే బడుల గురించి మనం తరచూ మాట్లాడుకుంటాం. ఆ మాటల్లో ఎక్కువ పాలు ఫిర్యాదులే. "లక్షలు పోసి డిజిటల్ బోర్డులు పెట్టించారు, వాడే టీచరే లేరు" అన్న ఫిర్యాదు ఈ మధ్య అనేక విచారణలలో వింటున్నాను. ఒకప్పుడు ఈ మాటను అందరికంటే గట్టిగా అన్నవాడిని నేనే. అందుచేత ఈ వారం ఆ సంగతి రాయక తప్పడం లేదు.

2018లో నేనొక పల్లె విచారణకు గురువుగా, అక్కడి బడికి కరస్పాండెంటుగా ఉన్నాను. ఆ ఊరి నుంచి వెళ్ళి అమెరికాలో స్థిరపడిన ఒక కుటుంబంవారు తమ తల్లిదండ్రుల జ్ఞాపకార్థం బడికి మూడు డిజిటల్ బోర్డులు ఇప్పించారు. జూన్ నెలలో, బడులు తెరిచిన రెండో శనివారం, బోర్డులు అమ్మిన సంస్థ ఒక యువకుణ్ణి పంపింది. ఉదయం తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం నాలుగు వరకు శిక్షణ. 22 మంది ఉపాధ్యాయులు బెంచీల మీద కూర్చున్నారు. ఆ అబ్బాయి తెలివైనవాడు, మర్యాదస్తుడు. అతని వేళ్ళు బోర్డు మీద పరుగెత్తాయి. భూగోళం గిర్రున తిరిగింది, గుండె కొట్టుకుంది, త్రిభుజం మూడు ముక్కలై మళ్ళీ ఒకటైంది. మా టీచర్లు చప్పట్లు కొట్టారు. మధ్యాహ్నం బిరియానీ పొట్లాలు. సాయంత్రం హాజరు పట్టీలో సంతకాలు, ఫీడ్‌బ్యాక్ ఫారాలలో "చాలా బాగుంది" అన్న గడి దగ్గర టిక్కులు. నేను వందన సమర్పణ చేశాను. ఫోటోలు దాతలకు పంపాము. వారు సంతోషించారు.

డిసెంబరు నాటికి మూడు బోర్డుల పరిస్థితి ఇది: ఒకదానిమీద గుడ్డ కప్పి ఉంది, గుడ్డమీద దుమ్ము ఉంది. ఇంకొక దాని అంచులకు సెల్లోటేపుతో పరీక్షల టైమ్‌టేబుల్ అంటించారు. మూడోది నవంబరు 14న పిల్లలకు సినిమా చూపించడానికి పనికొచ్చింది. క్రిస్మస్ సెలవులకు ముందు జరిగిన స్టాఫ్ మీటింగులో నాకు కోపం వచ్చింది. దాతల సొమ్ము పాడుచేయడం పాపమన్నాను. నేర్పించాక కూడా వాడకపోతే దాన్ని సోమరితనం అనక ఏమంటారన్నాను. అందరూ తలలు దించుకున్నారు. పదవీ విరమణకు దగ్గరపడిన ఒక లెక్కల టీచరు మాత్రం లేచి నిలబడ్డారు. ఆమె గొంతులో కోపం లేదు.

"ఫాదర్ గారూ, ఆ రోజు ఆ అబ్బాయి బోర్డును తాకాడు. మేమెవ్వరం తాకలేదండీ" అని కూర్చున్నారు.

ఆ రాత్రి ఫోటోలు మళ్ళీ తీసి చూశాను. నలభైకి పైగా ఉన్నాయి. బోర్డు దగ్గర నిలబడిన ఆ యువకుడున్నాడు, మైకు పట్టుకున్న నేనున్నాను, జ్యోతి వెలిగిస్తున్న హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ గారున్నారు. ఒక్క ఫోటోలోనైనా బోర్డు మీద టీచరు చెయ్యి లేదు.

అప్పటినుంచి నన్ను వెంటాడుతున్న ప్రశ్న ఇది. ఒకరికి ఒక పని నేర్పామని మనం అనుకున్నాం. వారు ఆ పని చేయలేదు. దోషం ఎవరిది? నైతిక తత్త్వశాస్త్రంలో ఒక పాత సూత్రం ఉంది. చేయజాలని పనికి ఎవ్వరూ బద్ధులు కారు. సెమినరీలో దీన్ని పరీక్ష కోసం చదివాను, మార్కులు కూడా బాగానే వచ్చాయి. ముప్పై ఏళ్ళ తర్వాత 22 మందికి శక్తి ఇవ్వకుండానే బాధ్యత మోపి, మోయలేదని నిందించాను. సంతకాలు తీసుకున్నాను గనుక శక్తి కూడా ఇచ్చేశానని నమ్మాను. శిక్షణ జరిగిందనడానికి సంతకం సాక్ష్యమే. ఎవరైనా నేర్చుకున్నారనడానికి అది సాక్ష్యం కాదు. ఈ రెండింటినీ ఒకటిగా చూపించి దాతలకు ఫోటోలు పంపడంలో కొంత అబద్ధం లేకపోలేదు.

బోధన అంటే ఏమిటన్న విచారణ కొత్తది కాదు. పునీత అగుస్టీనువారు తన కుమారుడు అదియొదాతుతో సాగించిన సంభాషణగా ఒక చిన్న గ్రంథం రాశారు. మాట ఒక్కటే ఎవరికీ ఏదీ నేర్పజాలదని, విన్నవాడు తన లోపలి వెలుగులో ఆ సంగతిని తానే చూసుకోవాలని అందులో వాదిస్తారు. 13వ శతాబ్దంలో పునీత తోమాసు అక్వీనాసువారు ఆ వాదాన్ని తిరిగి తీసుకుని కొంచెం సరిదిద్దారు. బోధకుడు వైద్యునివంటివాడన్నారు. రోగిని బాగుచేసేది అతని శరీరంలోని ప్రకృతి. వైద్యుడు దానికి మందు అందించి తోడుపడతాడు. అలాగే నేర్చుకునేది విద్యార్థి బుద్ధే, బోధకుడు బయటనుంచి తోడుపడతాడు. ఇది పిల్లల విషయంలో మనకు తెలిసినట్టే ఉంటుంది. పెద్దలకు నేర్పేటప్పుడు మాత్రం మరచిపోతాం. నలభై ఏళ్ళ టీచరును ఖాళీ కుండలా కూర్చోబెట్టి, పైనుంచి పోస్తే నిండుతుందనుకుంటాం. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్న మన సామెత శిక్షణ తరగతులకు సరిగ్గా అతుకుతుంది.

అరిస్టాటిలు ఇంకొక సంగతి చెప్పాడు. ఇల్లు కట్టేవాడు ఇల్లు కట్టడం వల్లనే ఆ పనివాడవుతాడు, వీణలాంటి వాద్యం వాయించేవాడు వాయించడం వల్లనే వాద్యకారుడవుతాడు. మన ఊళ్ళలో దీన్ని తత్త్వమని ఎవరూ అనరు. చెరువు గట్టుమీద కూర్చోబెట్టి ఈత నేర్పే తండ్రి ఏ పల్లెలోనూ లేడు.

యాంత్రిక సాధనాలతో ఉపాధ్యాయ శిక్షణ అంటే నిన్నమొన్నటి సంగతి అనుకోకండి. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు మన దేశం అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో 'సైట్' అనే ప్రయోగం నడిపింది. ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టెలివిజన్ పెట్టెలు చేరాయి. ఆ ఆరింటిలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ ఏడాదిలోనే ప్రాథమిక పాఠశాలల టీచర్లు వేలాదిమందికి విజ్ఞానశాస్త్రం బోధించడంలో 12 రోజుల చొప్పున శిక్షణ ఇచ్చారు. అప్పటి సాధనాలు ఇప్పటివారికి నవ్వు తెప్పిస్తాయి. పెద్ద డిష్ యాంటెన్నా, నలుపు తెలుపు బొమ్మ. కాని ఆ శిక్షణను కట్టిన తీరు గమనించదగినది. టీవీలో పాఠం ఒక భాగం మాత్రమే. దాంతోపాటు రేడియో కార్యక్రమం, చేతిలో అచ్చు పుస్తకం, చుట్టుపక్కల దొరికే వస్తువులతో టీచర్లు స్వయంగా చేయవలసిన ప్రయోగాలు, సందేహం వస్తే అడగడానికి కేంద్రంలో ముందే తర్ఫీదు పొందిన ఒక ఉపాధ్యాయుడు ఉండేవారు. అరశతాబ్దం కిందట ఆకాశంనుంచి పాఠం దించినవారికి, పక్కన ఒక మనిషి ఉండాలని, చేతులకు పని ఉండాలని తెలుసు. 2018లో మా బడికి ఆకాశం అక్కరలేదు, బోర్డు గోడమీదే ఉంది. ఆ మనిషిని మాత్రం సాయంత్రం నాలుగున్నర బస్సుకు పంపించేశాను.

చేతికి పని ఇవ్వకపోవడం ఒక కారణమైతే, దానికంటే లోతైన కారణం ఇంకొకటి ఉంది. అది సిగ్గు. దీన్ని నేను మెల్లగా తెలుసుకున్నాను. ఇరవై ఐదేళ్ళుగా సుద్దముక్క పట్టిన చెయ్యి క్లాసులో ఎన్నడూ తడబడలేదు. ఆ చెయ్యి ఇప్పుడు యాభై మంది పిల్లల ముందు ఒక గాజు పలకను తాకాలి. తాకితే ఏదో తెరుచుకుంటుంది, ఏదో మూసుకుపోతుంది. తొమ్మిదో తరగతి కుర్రాడొకడు లేచి, "టీచర్, అది కాదు టీచర్, పక్కది నొక్కండి" అంటాడు. వాడి తప్పేం లేదు, సాయం చేస్తున్నాడు. క్లాసంతా నవ్వుతుంది. మర్నాడు ఆ టీచరు బోర్డుమీద గుడ్డ కప్పుతుంది. నేను దాన్ని సోమరితనం అన్నాను. ఆమె కాపాడుకున్నది తన పరువు. పరువు లేని టీచరు ఏ సాధనంతోనూ పాఠం చెప్పలేదు గదా! తెలియదని చెప్పుకునే చోటు, తప్పుచేసినా ఎవరూ చూడని చోటు మేము ఆమెకు ఇవ్వలేదు. పైగా కరస్పాండెంటు ముందు వరుసలో కూర్చుని ఉంటే ఎవరు సందేహం అడుగుతారు?

తర్వాత 2020 మార్చి వచ్చింది. బడులు మూతబడ్డాయి. నాతో ఆ మాట అన్న లెక్కల టీచరే, ఫోనును వంటింట్లో పప్పు డబ్బాకు ఆనించి, గీతల పుస్తకంలో బీజగణితం లెక్కలు చేస్తూ వీడియోలు తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం మొదలుపెట్టారు. మనుమరాలు నేర్పిందట. మొదటి వీడియోను పదకొండుసార్లు చెరిపి మళ్ళీ తీశానని ఆమె తర్వాత చెప్పారు. ఏ సంస్థా ఆమెకు శిక్షణ ఇవ్వలేదు, ఏ పట్టీలోనూ ఆమె సంతకం చేయలేదు. అయినా నెల తిరగకముందే నేర్చుకున్నారు. తన పిల్లలు ఈ లెక్కలు మరచిపోతారన్న ఆరాటం ఆమెకు ఉంది. పక్కన విసుక్కోని మనిషి ఉంది. చెడిపోయినదాన్ని ఎవరూ చూడకముందే చెరిపేసే వీలుంది. మంచి శిక్షణకు ఇంతకన్నా ఎక్కువ ఏం కావాలో నాకిప్పటికీ తెలియదు.

ఈ సంగతి చెప్పి ఊరుకుంటే అది అందమైన కథ అయిపోతుంది. ఆ టీచరు క్లాసులో చాలామంది పిల్లల ఇళ్ళలో స్మార్ట్‌ఫోను లేదు, ఉన్నచోట అది పనికి వెళ్ళే తండ్రి జేబులో ఉంది. ఆ నెలల్లో మా బడి ఉపాధ్యాయులకు సగం జీతమే ఇచ్చింది. ప్రైవేటు టీచర్ల కష్టం ఎంతవరకు వచ్చిందంటే, 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వారికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించవలసి వచ్చింది. సగం జీతానికి పప్పు డబ్బా పక్కన కూర్చుని పాఠం చెప్పిన మనిషిని నేను 2018లో సోమరి అన్నాను. దీన్ని రాయకుండా దాటవేయడం నాకు చేతకాదు.

2022లో బడులు కుదుటపడ్డాక హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ గారు ఒక ప్రతిపాదన తెచ్చారు. "ఫాదర్, ఈసారి బయటివాళ్ళు వద్దు. వారానికి రెండు పీరియడ్లు టీచర్లకు ఖాళీ ఇవ్వండి. మీరు మాత్రం అటు రావద్దు" అన్నారు. ఆఖరి మాట నాకు కొంచెం గుచ్చుకుంది, ఒప్పుకున్నాను. ఒకే సబ్జెక్టు చెప్పే ఇద్దరిద్దరు జతలయ్యారు. ఒక్కొక్క జత మొదటి నెలకు ఒక్క పాఠమే ఎంచుకోవాలి. బోర్డులో ఉన్న వంద సంగతులూ నేర్చుకోనక్కరలేదు, ఆ పాఠానికి కావలసిన రెండు మూడు చాలు. ఒకరు క్లాసులో చెబుతుంటే రెండోవారు వెనక బెంచీలో కూర్చోవాలి, ఆ తర్వాత ఇద్దరూ మాట్లాడుకోవాలి. ఫారాలు లేవు, ఫోటోలు లేవు, బిరియానీ కూడా లేదు. ఆ ఖాళీ పీరియడ్లు ఎక్కడినుంచి వస్తాయి? ఎనిమిదో తరగతికి వారానికి రెండు గంటలు నేనే నీతిబోధ చెప్పవలసి వచ్చింది. ఆ పిల్లలు నన్ను ఎంత ఓర్చుకున్నారో వారికే తెలియాలి.

ఈ పద్ధతి సిస్టర్ గారు కనిపెట్టినది కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. అమెరికాలో బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అనే విద్యావేత్తలు 1980లలోనే ఈ సంగతి పరిశీలించి రాశారు. సిద్ధాంతం చెప్పి, చేసి చూపించి పంపేస్తే క్లాసుగదిలోకి చేరేది చాలా తక్కువ. అభ్యాసం చేయించి, లోపం చెప్పి, ఆ పైన బడిలోనే ఒక తోటి ఉపాధ్యాయుడు తోడుగా ఉంటేనే నేర్చుకున్నది నిలుస్తుంది. సిస్టర్ గారు వారి పేర్లు వినలేదు. కుట్టుపని నేర్పే మఠంలో పెరిగిన మనిషికి ఈ జ్ఞానం సూదిలోంచి వచ్చి ఉంటుంది.

ఫలితం? మూడో వంతు మంది బాగా వాడడం మొదలుపెట్టారు. మూడో వంతు అప్పుడప్పుడు. మిగిలినవారు వాడలేదు. వారిలో మా తెలుగు మాస్టారొకరు. రెండు నెలలు శ్రద్ధగా అభ్యాసం చేసి వచ్చి, "ఫాదర్ గారూ, పద్యానికి ఇది అడ్డం. పిల్లవాడి చెవి బొమ్మవైపు పోతోంది. నాకొద్దండీ" అన్నారు. మొదట నాకు మళ్ళీ కోపం వచ్చింది. ఆలోచిస్తే, ఆయన మాటే నేను విన్నవాటిలో అన్నిటికన్నా మంచి వార్త అనిపించింది. తెలియక వద్దనడం వేరు, తెలిసి వద్దనడం వేరు. ఆయన సాధనాన్ని ఎరిగి, తన పాఠాన్ని ఎరిగి, రెండూ కలవవని తీర్పు చెప్పారు. 2006లో పుణ్య మిశ్రా, మాథ్యూ కోహ్లర్ అనే ఇద్దరు ఆచార్యులు ఒక ప్రసిద్ధ వ్యాసంలో చెప్పినది స్థూలంగా ఇదే. యంత్రం తెలియడం ఒక జ్ఞానం, పాఠ్యాంశం తెలియడం ఒక జ్ఞానం, బోధించడం తెలియడం ఒక జ్ఞానం. ఈ మూడూ కలిసిన చోట పుట్టేది వేరొక జ్ఞానం. అది లెక్కల టీచరుకూ తెలుగు మాస్టారుకూ ఒకటి కాజాలదు. 22 మందిని ఒకే గదిలో కూర్చోబెట్టి ఒకే భూగోళాన్ని తిప్పి చూపిస్తే ఆ జ్ఞానం ఎవరికీ పుట్టదు.

వస్తువు చేతికిస్తే చాలు, మిగతాది దానంతటదే జరుగుతుందన్న నమ్మకం మా ఊరికే పరిమితం కాదు. దక్షిణ అమెరికాలో పెరూ దేశం పల్లె పిల్లలకు లక్షల సంఖ్యలో చిన్న లాప్‌టాపులు పంచింది. 319 బడులలో చేసిన పరిశీలన ఫలితాలు 2012లో వెలువడ్డాయి. లాప్‌టాపుల వాడకం పెరిగింది. లెక్కల్లోనూ భాషలోనూ పిల్లల ఫలితాలు మెరుగుపడలేదు. మన దగ్గర 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి పిల్లలు 4 లక్షలకు పైగా మందికి, వారి ఉపాధ్యాయులకు ట్యాబులు పంచింది. అప్పుడు పత్రికలన్నీ ట్యాబులను లెక్కపెట్టాయి. ట్యాబు పుచ్చుకున్న టీచరు పక్కన నెల తర్వాత ఎవరు కూర్చున్నారన్నది లెక్కపెట్టడానికి వీలైన వార్త కాదు కాబోలు.

ఒక పాఠకుడు అడగవచ్చు: "ఫాదర్, మీ బడిలో 22 మంది, దేశంలో లక్షల మంది. అందరి పక్కనా మనిషిని కూర్చోబెట్టగలమా?" న్యాయమైన ప్రశ్నే. 2019 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన 'నిష్ఠ' కార్యక్రమం దాదాపు 42 లక్షల మంది ఉపాధ్యాయులను లక్ష్యంగా పెట్టుకుంది. అంతమందికి నేర్పాలంటే పైన కొందరికి నేర్పి, వారు కిందివారికి, వారు ఇంకా కిందివారికి నేర్పడం తప్ప వేరే దారి తోచదు. కాని ఇలా దిగివచ్చే విద్య, బంతి సాగినకొద్దీ నీళ్ళు కలిపిన మజ్జిగ వంటిది. ఆఖరి విస్తరి దగ్గరికి వచ్చేసరికి తెల్లదనమే మిగులుతుంది. కరోనా కాలంలో ఆ శిక్షణ 'దీక్ష' వేదికమీదకు, ఆన్‌లైనుకు మారింది. దాంతో మజ్జిగ అందరికీ ఒకే చిక్కదనంతో అందింది, ఆ మాట ఒప్పుకోవాలి. అయితే వడ్డించే మనిషి లేకుండా పోయాడు. 2020 జాతీయ విద్యావిధానం ప్రతి ఉపాధ్యాయుడూ ఏడాదికి 50 గంటలైనా వృత్తి శిక్షణ పొందాలంటుంది. ఆ 50లో పది గంటలు అదే బడిలో, తోటి టీచరు క్లాసులో వెనక బెంచీమీద గడిపితే లెక్కలోకి తీసుకుంటారా? తీసుకుంటే మనిషిని బయటనుంచి తేనక్కరలేదు, పక్క గదిలోనే ఉన్నాడు. పెద్ద సంఖ్యకు నా దగ్గరున్న సమాధానం ఈ మాత్రమే.

టీచర్ల తరఫున ఇంత చెప్పాను గనుక వారితో ఒక మాట. మూడో వంతు మంది వాడలేదన్నాను గదా, వారందరూ తెలుగు మాస్టారు వంటివారు కారు. ఖాళీ పీరియడ్లలో టీ తాగి కబుర్లు చెప్పుకున్నవారు ఉన్నారు. "మాకిప్పుడు ఈ వయసులో ఎందుకండీ" అన్నవారిలో ఒకరికి ముప్పై ఎనిమిదేళ్ళు. పిల్లవాడు ప్రతిరోజూ తనకు తెలియని దాని ముందు కూర్చుంటున్నాడు. వాణ్ణి అలా కూర్చోబెట్టే మనిషి తాను మాత్రం కూర్చోననడం సబబు కాదు. వారిని కూడా గద్దించాను. ఈసారి గద్దించే హక్కు నాకుందని అనుకుంటున్నాను. చోటిచ్చాం, సమయమిచ్చాం, తోడిచ్చాం. ఆ తర్వాతే బాధ్యత అన్న మాట నోటికి వచ్చింది.

లెక్కల టీచరు 2023 వేసవిలో పదవీ విరమణ చేశారు. నేనూ ఆ తర్వాత బదిలీ అయ్యాను. ఇప్పుడు నేనున్న విచారణ బడికి మొన్న ఒక సంస్థనుంచి ఉత్తరం వచ్చింది. నాలుగు కొత్త బోర్డులు కొంటే ఒక రోజు శిక్షణ ఉచితమట. జవాబు రాశాను. మీ మనిషిని తప్పక పంపండి, ఒక రోజు కాదు, మూడు వారాలకొకసారి ఏడాదిపాటు పంపండి, ఖర్చు మేమే పెట్టుకుంటాం. అతడు వెనక బెంచీలో కూర్చోవాలి, బోర్డును మాత్రం తాకకూడదు. ఇంకా బదులు రాలేదు.